కోరం కోసం నక్క పడ్డ పాట్లు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఆ చివర ఎవరైనా తుమ్మితే ఈ చివర చిరంజీవ అనాల్సిన పని లేనంత పెద్ద అడవిలో, జంబులయ్య అనే నక్క సభా కార్యదర్శిగా ఉండేవాడు. కార్యదర్శి అంటే మీకు తెలియందేముంది! తీర్మానం రాసేదీ వాడే, చదివేదీ వాడే, చదివింది ఎవరికీ అర్థం కాకుండా చూసేదీ వాడే.

ఆ అడవికి ఎండాకాలంలో కూడా ఎండని మడుగు ఒకే ఒక్కటి. ఏరు ఉంది గానీ ఏట్లో మకరప్ప అనే మొసలి ఉన్నాడు. మకరప్ప మడుగులో కాలు పెట్టకూడదని పాత కట్టుబాటు. పెడితే ఏనుగులు తొక్కేస్తాయి. వాటికి మొసలి మీద కోపమేమీ లేదు, కట్టుబాటంటే కట్టుబాటే, అంతే. అదే కట్టుబాటు మారిందనుకోండి, మకరప్పకి దారి వదిలి పక్కకి తప్పుకునేవి కూడా ఆ ఏనుగులే.

ఆ కిటుకు తెలుసు గనకే జంబులయ్య ఒకరోజు ఏటి ఒడ్డున నోరు జారాడు. "అయ్యగారూ, మడుగు మీ చేతికి ఇప్పించే పూచీ నాది" అనేశాడు. అప్పటికి మకరప్ప పెట్టిన చేపలు పీకలదాకా మెక్కి ఉన్నాడు లెండి.

మకరప్ప ఒక కన్ను మాత్రం తెరిచాడు. "ఎండలు ముదిరేలోపు ఇప్పించాలిరా జంబులూ. లేకపోతే... నీ బొరియ ఈ ఒడ్డునే కదూ?" అని మళ్ళీ కన్ను మూసుకున్నాడు.

అంతకంటే ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా.

కట్టుబాటు మార్చాలంటే సభ పెట్టాలి. సభకి ముందు ఫలానా విషయమని రోజూ దండోరా వేయించాలి. దండోరా వింటే జంతువులన్నీ వస్తాయి, వస్తే వద్దంటాయి. మొసలికి మడుగిస్తానంటే ఏ వెర్రి జింక ఒప్పుకుంటుంది? పోనీ దండోరా మానేద్దామంటే అధ్యక్షురాలు పెద్దేనుగు ఊరుకోదు. బాగా ఆలోచించి జంబులయ్య ఒక నిర్ణయానికొచ్చాడు. దండోరా వెయ్యాలి, అది ఎవరికీ పట్టకూడదు.

దండోరా పని తీతువు పిట్ట తిరుపాలుది. పాపం, వాడి జాతి గుడ్లు పెట్టేది కటిక నేల మీద. ఏటా ఏ ఏనుగు పాదం కిందో పడి సగం గుడ్లు పోతుంటాయి.

"ఒరే తిరుపాలూ, ఈసారి ఏనుగుల దారి నీ గుడ్ల మీదుగా పోకుండా నేను చూస్తా. నువ్వు మాత్రం ఇవాళ్టినుంచి నోరు ముయ్యకూడదు" అన్నాడు జంబులయ్య.

"ఏం అరవమంటారు కార్యదర్శిగారూ?"

"లోకంలో ఎక్కడ ఏ కీడు జరిగినా అరిచి చెప్పు. అబద్ధం ఒక్కటీ వద్దు, ఎప్పటికైనా దొరికిపోతాం. నిజాలే చెప్పు, కానీ ఆపకుండా చెప్పు. మధ్యలో మన సభ సంగతి కూడా ఓమాటు అనెయ్."

మర్నాటి నుంచి అడవికి చెవులు చిల్లులు పడ్డాయి.

"తీతీ! అవతలి గుట్టల్లో కార్చిచ్చు! ఎడారి పక్కడవిలో పులులకీ చిరుతలకీ యుద్ధం! తూర్పడవిలో కోతుల రాజు సొంత తమ్ముణ్ణి చెట్టు మీంచి తోసేశాడు! మడుగు సంరక్షణ విషయమై సభ! సముద్రం ఒడ్డున తాబేలు గుడ్లు మాయం! ఇప్పుడే అందిన కబురు, కార్చిచ్చు ఇంకా ఆరలేదు! తీతీ!"

మందు ఎంతవరకు ఎక్కిందో చూసుకోవాలిగా. జంబులయ్య రోజూ అడవంతా ఓ చుట్టు చుట్టొచ్చేవాడు. గడ్డిదిబ్బ దగ్గర కుందేలు పేరిందేవి కనపడేది. పసిపిల్లల తల్లి. చెవులు రెండూ నిక్కబొడుచుకుని, మూతి కట్టేసినట్టు మేత ముట్టకుండా కూర్చుని ఉండేది.

"ఏమ్మా పేరిందేవీ, మేతకి పోలేదా?"

"ఎలా పోను మామా? గుట్టల్లో పిల్లాజెల్లా మాడిపోతున్నారట. నేనిక్కడ గడ్డి నములుతూ కూర్చుంటే పాపం కాదూ?"

"పోనీ వెళ్ళి ఆర్పొస్తావా?"

"ఆ గుట్టలెక్కడున్నాయో నాకేం తెలుసు? వినడమైనా వినకపోతే ఎలా మామా, మనమూ ప్రాణులమేనా?" అని కళ్ళు ఒత్తుకుంది.

దాని వెనకాల బొరియలో పిల్లలు పాలకోసం కుయ్‌కుయ్‌మంటున్నాయి. తల్లి తింటేగా పాలు పడేది! జంబులయ్యకి జాలేసింది. వేసిన మాట నిజమే. కానీ ఏటివైపు తల తిప్పేసరికి ఆ జాలి కాస్తా ఆవిరైపోయింది.

ఇప్పచెట్టు కింద మరో రకం తంతు. ఎలుగుబంటి ఎల్లమంద చుట్టూ నలుగుర్ని పోగేసుకుని, తప్పు పులులదని పొద్దున, చిరుతలదని సాయంత్రం వాదిస్తున్నాడు. ఒకళ్ళ మాట ఒకళ్ళు వినే ప్రసక్తే లేదు. పందెం కోళ్ళు నయం.

"మడుగు గురించి సభట, విన్నారా ఎల్లమందగారూ?" అని జంబులయ్య గుండె గట్టి చేసుకుని అడిగాడు.

"ఇంత పెద్ద విషయాలు నడుస్తుంటే మధ్యలో నీ మడుగేంటయ్యా! అదంతా మన ఇంటి గొడవ. చూసుకోవచ్చులే!" అని కసిరాడు ఎల్లమంద.

జంబులయ్యకి అక్కడికక్కడే చిందెయ్యాలనిపించింది.

సభ రోజు వచ్చింది. బయటికొస్తే ఏ కార్చిచ్చు మీద పడుతుందోనని పేరిందేవి బొరియ ఇంకా లోతుకి తవ్వుకుంది. జింకలు పొదల్లోంచి కదల్లేదు. ఎల్లమంద యుద్ధం మాట తేల్చనిదే రానన్నాడు. సభలో ఉన్నది జంబులయ్య, పెద్దేనుగు, పక్కనే ఏటి నీళ్ళలోంచి మూతి మాత్రం బయటపెట్టిన మకరప్ప.

"అభ్యంతరాలేమీ లేవు గనక తీర్మానం..." అని జంబులయ్య ఎత్తుకున్నాడు.

"కోరం ఏదయ్యా?" అంది పెద్దేనుగు.

"ఆఁ?"

"మడుగులో నీళ్ళు తాగేవాళ్ళలో సగం తలలు కనపడందే ఏ తీర్మానమూ చెల్లదు. ఆ కట్టుబాటు చదివి వినిపించేది నువ్వేగా!" అని పెద్దేనుగు తొండం ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

చూశారా తెలివి! జనం రాకుండా చెయ్యడంలో పడి, జనం లేకపోతే పని జరగదన్న సంగతే మర్చిపోయాడు. అతి తెలివి కొంప ముంచుతుందని ఊరికే అన్నారా!

మకరప్ప రెండో కన్ను కూడా తెరిచాడు. జంబులయ్య ఆ కళ్ళు చూసి, "ఇంకొక్క అవకాశం అయ్యగారూ" అని తోక ముడిచి పరిగెత్తాడు.

తిన్నగా తిరుపాలు దగ్గరికొచ్చి పడ్డాడు. "చాల్లేరా నీ చావు కబుర్లు! హడలిపోయి ఒక్కడూ గడప దాటట్లేదు. ఇకనుంచి మంచి మాటలే చెప్పు."

తిరుపాలుకేం, ఏదైనా ఒకటే గొంతు. "తీతీ! కార్చిచ్చు అదుపులో ఉంది! పులులూ చిరుతలూ వియ్యమందబోతున్నారు! మన గడ్డి ముల్లోకాల్లోకీ మేలైన గడ్డి! మడుగు సంరక్షణ విషయమై సభ! తాబేళ్ళు కులాసా! అంతా బ్రహ్మాండం! తీతీ!"

అడవి హాయిగా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకుని పడుకుంది. పేరిందేవి కడుపునిండా మేసి, పిల్లలకి పాలిచ్చి, వాటి పక్కనే గుర్రుపెట్టింది. ఎల్లమంద పుట్టతేనె నాకుతూ వెల్లకిలా పడుకున్నాడు.

జంబులయ్య వెళ్ళి బతిమాలాడు. "సభకి రండి ఎల్లమందగారూ, మీవంటి పెద్దలు రాకపోతే ఎలా?"

"ఎందుకయ్యా? అంతా బ్రహ్మాండంగా నడుస్తోందని నీ పిట్టే చెబుతోందిగా! మధ్యలో మేమొచ్చి వేలు పెట్టడమెందుకు?"

పేరిందేవి కళ్ళు కూడా తెరవకుండానే, "మీరున్నారుగా మామా, చూసుకోండి" అని అటు తిరిగి పడుకుంది.

రెండోసారీ సభ వెలవెలబోయింది. కోరం లేదని పెద్దేనుగు లేచిపోయింది. మకరప్ప మాత్రం ఏట్లోంచి పైకి వచ్చి, జంబులయ్య బొరియ ముందు ఎండ కాగాడు. ఊరికే నోరు తెరుచుకుని పడుకున్నాడు. మొసలి వెళ్ళాక జంబులయ్య బయటికొచ్చి మట్టిలో పొట్ట ముద్ర చూసి, ఇంక ఒక్క సభే మిగిలిందని అర్థం చేసుకున్నాడు.

భయపెడితే దాక్కుంటారు. జోకొడితే పడుకుంటారు. మరి సభకి నడిచొచ్చేదెప్పుడు? బుర్ర బద్దలు కొట్టుకుంటే చివరికి దారి తోచింది. కాస్త దిగులు ఉండాలి, కాళ్ళు కదిలేంత. కాస్త నిబ్బరం ఉండాలి, బొరియ దాటేంత. ఆ పాళ్ళలో కలిపి పొయ్యాలి. ముందు కోరం నిండనీ, అభ్యంతరాల సంగతి అప్పటికప్పుడు నోటితో నెట్టుకురావచ్చు అనుకున్నాడు. అంత ధీమా వాడికి తన నోటి మీద.

"ఒరే తిరుపాలూ, పొద్దున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి. మధ్యలో నోరెత్తావో, నీ గుడ్లు నేనే తింటా! చెప్పేది సూటిగా చెప్పు. ఎక్కడ జరిగిందో చెప్పు, మనకెంత దూరమో చెప్పు. మన అడవి సంగతి ముందు చెప్పు."

అంతటితో ఆగాడా? మేక తోలు కప్పుకున్న పులిలా కాకుండా, నిజంగానే మేకంత సాధువైపోయి గడప గడపకీ తిరిగాడు. పేరిందేవి దగ్గర చతికిలపడి బుద్ధులు చెప్పాడు.

"చూడమ్మా, లోకంలో కష్టాలుంటాయి. విను, బాధపడు, తప్పులేదు. కానీ రోజంతా వింటే గుట్టల్లో మంట ఆరదు, నీ పిల్లల కడుపే మాడుతుంది. పొద్దున విన్నాక మేతకి పో. విన్నదాంట్లో నీ నాలుగు కాళ్ళూ ఎక్కడిదాకా వెళ్ళగలవో అక్కడికి వెళ్ళు. సభ ఉందనుకో, సభకి రా."

పేరిందేవి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇంత మంచి మాట మా అమ్మ కూడా చెప్పలేదు మామా!"

నిజం చెప్పొద్దూ, జంబులయ్య తన జీవితంలో పలికిన మంచి మాటలు అవే. అవి కూడా ప్రాణభయంతో పలికాడు.

పొద్దున్నే తిరుపాలు ఒక్కసారి అరిచి ఊరుకున్నాడు. అడవంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పేరిందేవి గడ్డి నములుతూ విన్నది నెమరేసుకుంది. నమిలే నోరు ఠక్కున ఆగింది.

"మడుగు సంరక్షణ అన్నాడే, ఎవరినుంచి సంరక్షణ?"

పక్కన మేస్తున్న జింకని అడిగింది. జింక తెలీదంది. ఇద్దరూ కలిసి ఎల్లమందని అడిగారు. ఎల్లమంద తల గోక్కుని, "ఈ మాట తిరుపాలుగాడు మొదట్నుంచీ అరుస్తూనే ఉన్నాడర్రా! మన చెవులకే తీరిక లేకపోయింది" అన్నాడు. ఎండలు ముదురుతున్నాయి, పిల్లలకి నీళ్ళంటే ఆ మడుగే. పేరిందేవికి ఒళ్ళు జలదరించింది. కానీ ఈసారి బొరియ తవ్వుకోలేదు, పొద పొదకీ వెళ్ళి అందర్నీ కేకేసింది.

సభకి ఇసకేస్తే రాలనంత జనం. పెద్దేనుగు తలలు చూసి, "కోరం నిండింది. కానివ్వు" అంది. ఆ మాట వినడానికి జంబులయ్య ఎన్ని తిప్పలు పడ్డాడో పాపం!

"మడుగు సంరక్షణ నిమిత్తం, అనుభవజ్ఞులైన జలచరులొకరికి సదరు మడుగు..." అని గుక్క తిప్పుకోకుండా చదవడం మొదలెట్టాడు.

"జలచరులొకరంటే ఎవరు మామా?" అని లేచింది పేరిందేవి.

"అదే... నీళ్ళలో ఉండేవారమ్మా. కూర్చో."

"చేపలా?"

"చేపలంటే... చేపలతో దగ్గర సంబంధం ఉన్నవారు."

సభలో నవ్వులు. పేరిందేవి నవ్వలేదు. "పేరు చెప్పు మామా. వినడానికే వచ్చాం. నువ్వే రమ్మన్నావుగా!"

జంబులయ్య ఏటి నీళ్ళవైపు చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్దేనుగు, "పేరు చెప్పందే తీర్మానం లేదు" అంది. ఇక తప్పక జంబులయ్య, "మకరప్పగారు" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పేదేముంది! ఓటింగుకి ఏనుగు తొండం ఎత్తేలోపే అడవంతా వద్దంటే వద్దంది. మడుగు అందరిదేనని, మొసలి అందులో కాలు పెట్టరాదని పాత కట్టుబాటునే మళ్ళీ ఖాయం చేశారు. పన్లో పనిగా, తిరుపాలు పూటకొక్కసారే అరవాలన్నది కూడా కట్టుబాటు చేశారు. ఎల్లమంద లేచి, ఇంత చక్కటి పద్ధతి పెట్టి అందర్నీ మేల్కొల్పినందుకు కార్యదర్శిగారికి అభినందన తీర్మానం ప్రతిపాదించాడు. అది మాత్రం ఏకగ్రీవంగా నెగ్గింది.

మకరప్ప చప్పుడు చెయ్యకుండా మునిగాడు. ఆ మునగడం చూసి జంబులయ్య ఏటి ఒడ్డు బొరియకి మళ్ళీ వెళ్ళలేదు. గుట్ట మీద రాతిచాటున నక్కి, ఏ ఆకు కదిలినా ఉలిక్కిపడేవాడు. గాలి వీచినా మొసలే అనుకునేవాడు. తిరుపాలు అటు ఎగిరితే చాలు, "ఒరే, మకరప్ప ఇప్పుడెక్కడున్నాడు? ఏం చేస్తున్నాడు? చెప్పరా!" అని బతిమాలేవాడు.

"పొద్దు వాలాక చెబుతానయ్యా, ఇప్పుడు నోరెత్తితే కట్టుబాటు ఒప్పుకోదు" అని వాడు ఎగిరిపోయేవాడు.

ఏటికి వెళ్ళలేడు, మడుగుకి పోవాలన్నా భయమే, దాహం ఆపుకోలేడు. నాలుక పిడచకట్టుకుపోయింది. చివరికి పేరిందేవే వెతుక్కుంటూ వచ్చింది.

"రోజంతా ఆ కబురే వింటూ కూర్చుంటే ఎలా మామా? మడుగుకి రా. అక్కడ మొసలి లేడు, మేమంతా వద్దన్నాంగా!"

జంబులయ్య తల వంచుకుని వచ్చాడు. కుందేలు పిల్లల వెనకాల, వరుసలో చిట్టచివర నిలబడి, తన తీర్మానం ఓడిపోబట్టి మిగిలిన నీళ్ళు కడుపునిండా తాగాడు. ఇంత తియ్యటి నీళ్ళు వాడు ఎన్నడూ తాగలేదు. తాగుతూ తాగుతూ ఏడ్చాడు కూడా.

కనక ఇందులో నీతి ఏమిటంటే, జనాన్ని మేల్కొల్పడానికి మహానుభావులే పుట్టనక్కర్లేదు, కోరం కావాల్సిన నక్క ఒక్కటుంటే చాలు.