కబుర్ల వలకు కొత్త నేతగాడు

ఒక పెద్ద అడవిలో, ఉన్నవాళ్ళందరికీ కలిపి ఒకటే వల ఉండేది. వేట వల కాదు, కబుర్ల వల. వాగు ఒడ్డు నుంచి కొండ అంచు దాకా చెట్టుకూ చెట్టుకూ మధ్య నారతో అల్లి, అక్కడక్కడ ఎండుకాయలు కట్టి ఉంచారు. ఈ చివర తాడు లాగితే ఆ చివర కాయలు గలగలమనేవి. ఒక రకంగా మోగితే ఇప్పపూలు రాలాయని, ఇంకో రకంగా మోగితే పులి వస్తోందని.

దాన్ని అల్లింది గిజిగాళ్ళు. అల్లినన్నాళ్ళూ బాగానే అల్లారు. కానీ అడవి సభకు కోరికలు ఎక్కువ. నెమలి నాట్యానికి ఒక మోత కావాలన్నారు, కోతి పెళ్ళికి ఒక మోత కావాలన్నారు. సభాధ్యక్షులు దంతప్పగారు, అంటే ఏనుగుగారు, స్నానానికి బయల్దేరితే ప్రత్యేకంగా ఇంకో మోత కావాలన్నారు. విసిగిపోయిన గిజిగాళ్ళు ఒక పొద్దున చెప్పాపెట్టకుండా వలస పోయారు.

తరువాత వచ్చిన గాలివానకు ముళ్ళు వదులయ్యాయి. ఒక తాడు ఇంకో తాడుతో పెనవేసుకుంది. ఒకనాడు వాగు దగ్గర పులి కనబడితే, పొడలమ్మ అనే దుప్పి పరుగున వచ్చి పులి తాడు లాగింది. అటు చివర ఇప్పపూల మోత మోగింది. పాపం, కుందేళ్ళన్నీ లొట్టలేసుకుంటూ పులికి ఎదురెళ్ళాయి. అందులో ఒకటి తోకలో ముప్పాతిక భాగం పులి పంజాలో వదిలేసి ప్రాణం దక్కించుకుంది. కుందేళ్ళకు తోక పొట్టిగా ఎందుకుంటుందని అడిగితే ఆ అడవిలో ఇప్పటికీ ఈ సంగతే చెబుతారు.

ఆ వలకు పెద్ద దిక్కు భల్లయ్య అనే ఎలుగుబంటి. మంచివాడే. అయితే వల గురించి ఆయనకు తెలిసింది తక్కువ. గోళ్ళతో ముడి విప్పబోతే తాడే తెగేది. అయినా "మన భల్లయ్య వల" అని ఎవరైనా అంటే, ఆయన ఛాతీ మీది తెల్లని నెలవంక కాస్త వెడల్పయ్యేది. కుందేలు తోక సంగతి విన్న రోజు మాత్రం ఆయనకు తేనె కూడా సహించలేదు.

సభ పెట్టారు. దంతప్పగారు తొండం సవరించుకున్నారు.

"ఏమయ్యా భల్లయ్యా, నేతగాణ్ణి చూడు. ఇక్కడివాడు వద్దు. ఇక్కడివాడైతే మనకు బాగా తెలిసిపోతాడు, గౌరవం ఉండదు. దూరపువాణ్ణి చూడు."

సభ వెనకాల నుంచి గోమాయి లేచాడు. నక్క. ఏ పనీ చెయ్యడు, పని చేసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారో మాత్రం చెబుతాడు.

"అయ్యా, ఆ చింత నాకొదిలెయ్యండి. నేను నేతగాళ్ళను వడపోసి ఇస్తాను. నూరుమంది వస్తే తొంభైతొమ్మండుగురిని ఏడిపించి పంపుతాను. మిగిలినవాడే మీవాడు."

"ఎలా వడపోస్తావు?" అన్నాడు భల్లయ్య.

"తలకిందులుగా వేలాడదీస్తాను. కళ్ళు మూసుకుని అల్లమంటాను. బావిలో కప్పలెన్ని పడతాయో లెక్క కట్టమంటాను."

"మన వలకూ కప్పలకూ ఏమిటి సంబంధం?"

గోమాయి జాలిగా నవ్వాడు. "సంబంధం ఉన్నవి అడిగితే ఎవరైనా చెబుతారండీ!"

సభంతా తలలూపింది. భల్లయ్య కూడా ఊపాడు. అందరూ ఊపుతుంటే తానొక్కడూ ఊరుకుంటే బాగుండదు కదా!

కొన్నాళ్ళకు గోమాయి ఒక సాలీణ్ణి తేల్చాడు. పేరు ఊర్ణప్ప. ఎక్కడో దూరపు కొండ మీద కాపురం. అక్కణ్ణించి కదలడు. దారం గాలికి వదిలితే వచ్చి ఎక్కడ పడాలో అక్కడే పడుతుందని చెప్పుకున్నారు. మాటలు మొయ్యడానికి ఒక రామచిలుకను కుదిర్చారు. అది విన్నది విన్నట్టు చెబుతుంది, మధ్యలో దగ్గు వస్తే దగ్గుతో సహా.

ఆఖరి పరీక్ష సభలోనే జరిగింది. దంతప్పగారు గంభీరంగా అడిగారు. "అయిదేళ్ళ తరువాత నువ్వు ఎక్కడ ఉంటావనుకుంటున్నావు?"

చిలుక కొండకు ఎగిరి, తిరిగి వచ్చింది. "వినబడుతోందా? వినబడుతోందా? మా సాలీళ్ళ ఆయుష్షు ఏడాదేనండీ, ఖళ్ ఖళ్."

"నిజాయితీపరుడు!" అన్నారు దంతప్పగారు.

పొడలమ్మ మెడ చాచింది. "నాదొక మాట భల్లయ్యన్నా. ఆయన ఇంతవరకూ అల్లిన వలలు ఎందుకు అల్లాడో అడగరాదూ?"

భల్లయ్యకు ఆ ప్రశ్న బాగానే ఉందనిపించింది. నోరు తెరవబోయాడు కూడా. ఇంతలో గోమాయి అందుకున్నాడు. "అమ్మా, వడపోత అయిపోయింది. మళ్ళీ మొదటికి తెస్తే అతను వేరే అడవికి పోతాడు." ఆ బెదిరింపుకు భల్లయ్య తెరిచిన నోటితో ఆవులించి ఊరుకున్నాడు.

ఊర్ణప్ప పనిలో దిగాడు. మొదటి రోజు చిలుక తెచ్చిన కబురు ఒకటే: "ఎవడండీ ఈ చెత్త అల్లింది?" మర్నాడూ అదే. ఆ తరువాత మాత్రం నిజంగానే పని సాగింది. సన్నని దారాలు గాలిలో తేలి వచ్చి వదులైన ముళ్ళను బిగించాయి. పులి తాడు లాగితే పులి మోత, పూల తాడు లాగితే పూల మోత. కుందేళ్ళు వచ్చి భల్లయ్యకు దణ్ణాలు పెట్టాయి. ఆయనకు ఆకలి తిరిగి వచ్చింది. పుట్టతేనె పట్టు ఒకటి ఆబగా లాగించేశాడు.

అక్కడితో ఆగితే ఈ కథే ఉండేది కాదు. సభ ఎక్కడాగుతుంది?

"ఏమయ్యా," అన్నారు దంతప్పగారు, "వల బాగుంది. కానీ వచ్చినవాళ్ళు తాడు లాగుతారు, కబురు వింటారు, తమ దారిన పోతారు. ఒక్కరూ వల దగ్గర నిలవడం లేదు. పొరుగు అడవివాళ్ళు చూస్తే మన వలను ఎవరూ వాడటం లేదనుకోరూ? వచ్చినవాడు వచ్చినట్టు ఉండిపోవాలి. అలా చెయ్యమను."

"కబురు విన్నాక ఉండి ఏం చేస్తారండీ?"

"అది తరువాత ఆలోచిద్దాం. ముందు ఉండనీ."

భల్లయ్య ఆ మాటే చిలుకకు చెప్పాడు. చిలుక ఎన్నడూ లేనంత తొందరగా తిరిగి వచ్చింది. దాని గొంతులో ఊర్ణప్ప ఆనందం పొంగిపోతోంది.

"వచ్చినవాళ్ళు పోకూడదా? అయ్యో, ఇంతకాలం చెప్పరేం భల్లయ్యగారూ! అది మా తాతముత్తాతల విద్య!"

మరునాటికి వలంతా జిగురు పూత. ఎండ పడితే వెండిలా మెరిసింది. ముందు కుందేళ్ళు వచ్చి తాడు ముట్టుకున్నాయి, ఉండిపోయాయి. కోతులు వచ్చాయి, ఉండిపోయాయి. పొడలమ్మ కూన వాసన చూద్దామని మూతి పెట్టింది. మూతి రాలేదు. కూనను లాగబోయి పొడలమ్మ భుజం అంటుకుంది. ఎండెక్కేసరికి అడవిలో సగం వల దగ్గరే ఉంది.

దంతప్పగారి ఆనందానికి హద్దు లేదు. "చూశావా! పొద్దుటి నుంచి ఒక్కరు కదల్లేదు! ఇంత ఆదరణ గిజిగాళ్ళ కాలంలో ఎన్నడైనా చూశామా?" అంటూ ఆప్యాయంగా వల మీద తొండం వేశారు. తొండం కూడా ఆదరించడం మొదలుపెట్టింది.

"భల్లయ్యన్నా, పిల్ల ఏడుస్తోంది. విప్పు," అంది పొడలమ్మ.

 భల్లయ్య పరుగున వెళ్ళి కూనను లాగబోయాడు. ముందుకాళ్ళు రెండూ, ఛాతీ అంతా గట్టిగా పట్టేసుకున్నాయి.

సరిగ్గా అప్పుడే వాగు దగ్గర అంటుకుపోయిన కోతి ఒకటి పులి తాడు గుంజింది, కాయలు మోగాయి. ఎంత స్పష్టంగా మోగాయంటే, అడవి ఆ చివర ఉన్న చెవిటి తాబేలు కూడా తలెత్తింది. పులి వస్తోంది! ఒక్క ముడి తప్పలేదు, ఒక్క మోత కలవలేదు. అందరికీ కబురు అందింది. పారిపోవడానికి మాత్రం ఒక్కరికీ వీలు లేదు.

పులి వచ్చింది. చూసింది. తన కళ్ళను తానే నమ్మలేదు. జన్మలో ఇలాంటి విందు చూసి ఉండలేదు. ఏది ముందు తినాలో తేలక, ఊరికే అన్నింటి మీదా ఒకేసారి దూకింది. దూకి, భల్లయ్య పక్కనే అంటుకుపోయింది.

భల్లయ్య వైపు తల తిప్పింది.

"ఏమిటిది?" అంది పులి.

"కొత్త సౌకర్యమండీ," అన్నాడు భల్లయ్య నీళ్ళు నములుతూ.

"చిలకా!" అని అరిచాడు వెంటనే. "ఊర్ణప్పను విప్పమని చెప్పు, పో!"

చిలుక వెళ్ళాల్సిన అవసరం రాలేదు. కొండ దాకా దారాలన్నీ ఒక్కసారిగా అదిరేసరికి, ఎన్నడూ కొండ దిగని ఊర్ణప్ప తానే దారం పట్టుకుని జరజరా దిగివచ్చాడు. అప్పటిదాకా ఎవరూ చూడలేదు, బొబ్బర్ల గింజంత ఉన్నాడు. ఏనుగు చుట్టూ ఒకసారి నడిచాడు. పులి మీసం తట్టి చూశాడు. ఎనిమిది కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"ఇంత పడుతుందని కలలో కూడా అనుకోలేదు," అన్నాడు. "మా వాళ్ళందరినీ భోజనానికి పిలవాలి."

"నాయనా, ముందు విప్పు!" అన్నాడు భల్లయ్య.

"విప్పడమా? అల్లడమే నాకు వచ్చు. విప్పేవాడు కావాలంటే గోమాయిగారు వడపోసి ఇస్తారు."

గోమాయి వల దరిదాపుల్లో లేడు. ఉండడు కూడా.

కూన గొంతు సన్నబడిపోయింది. పులి ఒక పంజా నెమ్మదిగా ఊడదీసుకుంటోంది. భల్లయ్య కళ్ళు మూసుకున్నాడు. పళ్ళు బిగించి ఒక్క గుంజు గుంజాడు. ఛాతీ మీది నెలవంక నెలవంకంతా వల మీద ఉండిపోయింది, భల్లయ్య బయటపడ్డాడు. నెత్తురు చిమ్మింది. పారిపోవచ్చు, దారి ఖాళీగానే ఉంది. ఆయన నేరుగా పెద్ద తాడు దగ్గరికి పరుగెత్తి గోళ్ళు దించాడు.

"ఆగవయ్యా!" అని తొండం అతుక్కున్న చోటి నుంచే కేకేశారు దంతప్పగారు. "అది సభ ఆస్తి! తెగితే పొరుగు అడవికి ఏం చెబుతాం?"

ముడి విప్పబోతేనే తాడు తెంపే గోళ్ళవి. ఈసారి తెంపడానికే దిగాయి. పెద్ద తాడు ఫట్టుమంది. కొండ నుంచి వాగు దాకా వలంతా కుప్పకూలింది. కుందేళ్ళు, కోతులు, పొడలమ్మ, కూన, పీచులూ కాయలూ ఒళ్ళంతా వేలాడుతుండగా తలో దిక్కూ పరుగెత్తారు. పులి దారాల మూటలా దొర్లి వాగులో పడి, మోగుతూ మోగుతూ కొట్టుకుపోయింది. ఊర్ణప్ప ఒక దారం గాలికి వదిలి, వచ్చిన దారినే ఎగిరిపోయాడు.

సాయంత్రం భల్లయ్య చెట్టు కింద కూలబడి ఛాతీ నాకుకుంటుంటే పొడలమ్మ ఆకుపసరు తెచ్చింది. "మంటగా ఉందా అన్నా?" అంది. "నీ ప్రశ్న నేనే అడిగి ఉండాల్సింది తల్లీ," అన్నాడు. కూన వచ్చి ఆయన ఒళ్ళో ముడుచుకుని పడుకుంది. ఆయనకు హాయిగా అనిపించింది.

మర్నాడు సభ కూడింది. మొదటి తీర్మానం, వలను తెంపినందుకు భల్లయ్యను తొలగించడం. రెండోది, అడవిలో సగాన్ని ఒక పూటంతా వల దగ్గర నిలిపినందుకు అధ్యక్షులవారిని అభినందించడం. మూడోది, కొత్త వలకు కొత్త నేతగాణ్ణి వెతికే పని గోమాయికే అప్పగించడం. ఈసారి వడపోత మరింత గట్టిగా ఉండాలని, కప్పలతో పాటు తాబేళ్ళ లెక్క కూడా అడగాలని అందరూ ఒప్పుకున్నారు.

నీతి: పని చేసేవాణ్ణి నూరుసార్లయినా వడపోయవచ్చు గాని, పని చెప్పేవాణ్ణి ఒక్కసారి కూడా వడపోయరాదు; పోస్తే సభే మిగలదు.