దౌలత్ షాహీన్ పోయాక పుట్టిన అభిమానులు

బతికున్న గాయనిని అభిమానించడమంత కష్టం లోకంలో మరొకటి లేదు. ఆవిడ ముసలిదవుతుంది, గొంతు జీరబోతుంది, పలకరిస్తే షుగర్ గురించి చెబుతుంది. పైగా కొత్త పాట కట్టానంటుంది! అదే కన్ను మూసిందనుకోండి, వెంటనే ఇరవై రెండేళ్ల పిల్లయిపోతుంది. ఎత్తు కొప్పు, కాటుక కళ్లు, నలుపు తెలుపు ఫొటో. ఇంత సదుపాయం ఇంకెవరు చేసిపెడతారు?

ఆ సదుపాయం అలెగ్జాండ్రియాకు ఒక మంగళవారం పొద్దున దక్కింది. ఒకప్పుడు ఈజిప్టునంతా ఊపేసిన దౌలత్ షాహీన్ ఎనభై మూడో ఏట నిద్రలోనే పోయింది. ముప్పై ఏళ్లు ఆవిడ పక్కన నిలబడి అకార్డియన్ వాయించిన వగ్దీకి తెలిసేసరికే ఊరు ఊరంతా ఏడుస్తోంది.

వీధి చివర కాఫీ కొట్టు జకరియా సంగతే చూడండి. రేడియోలో ఆవిడ గొంతు వినబడితే చాలు, ఫుట్‌బాల్‌కి తిప్పేసే మనిషి. ఆ రోజు మాత్రం ఆవిడ ట్రాము పాట పెట్టి కళ్లు తుడుచుకుంటున్నాడు. పద్నాలుగోసారి కూడా అదే పాట. రెండోది తెలిస్తే కదా! వాళ్లమ్మ ఆ పాట పాడుతూనే తనకు పాలు పట్టిందని వగ్దీకి చెప్పాడు. ఆ పాట వచ్చేనాటికి జకరియా స్కూల్లో ఆరో క్లాసు. వగ్దీ టీ తాగి లేచాడు.

మధ్యాహ్నానికి ఫేస్‌బుక్‌లో రెండు అభిమాన సంఘాలు వెలిశాయి. ఒక సంఘం వేరే గాయని ఫొటో పెట్టి భోరుమంది. ఫొటో ఆవిడది కాదని ఎవరో చెబితే, దుఃఖానికి మొహాలతో పనేమిటని దబాయించింది. అసలైన అభిమానులెవరో తేల్చుకునే పనిలో రెండు సంఘాలూ తీరిక లేకుండా ఉండిపోయాయి. అందుకే శవపేటిక మోయడానికి సరిగ్గా నలుగురు దొరికారు. ఐదోవాడు వీడియో తీశాడు. ఆ నలుగురిలో ఒకడు వగ్దీ.

శ్మశానం బయట ఒక టీవీ అమ్మాయి వగ్దీని ఆపి, దౌలత్ గారు మీతో అన్న చివరి మాటేమిటని అడిగింది. తాను ప్రతి శుక్రవారం ఉడికించిన చిక్కుడు గింజలు పట్టుకుని వెళ్లేవాణ్ణనీ, వాటిలో ఉప్పు తక్కువైందని ఆవిడ అన్నదనీ చెప్పాడు.

“దేశం గురించి ఏమీ అనలేదా సార్?”

“ఉప్పు గురించే అందమ్మా.”

సాయంత్రానికల్లా దౌలత్ షాహీన్ చివరి పలుకులు టీవీ తెర మీద మెరిశాయి: ‘అలెగ్జాండ్రియా, నీ ఉప్పుగాలే నా ఊపిరి.’

మర్నాడు సాయంత్రం వీధిలో సంతాపం పందిరి వేశారు. ఖురాన్ పఠనం ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు చేదు కాఫీ కప్పుతో వగ్దీ పక్కన చేరి, ఆవిడ చివరి కచేరీకి తామూ వచ్చామని చెప్పేవారు. ఆ కచేరీ ఆరేళ్ల కిందటిది. మూడు వందల కుర్చీల హాలు. స్టేజీ మీంచి వగ్దీ లెక్కపెడితే పదకొండు తలలు తేలాయి, అందులో ఒకటి తాళాలు వేసేవాడిది. ఇప్పటికి ముప్పై ఎనిమిది మంది వచ్చామన్నారు. కుర్చీ దొరక్క నిలబడే విన్నామని కొందరు! ఇంకొక్కడు ఆ మాటంటే నలుగురిలో కడిగిపారేయాలని పళ్లు నూరుకుంటూ వగ్దీ గాలి పీల్చుకోవడానికి బయటికొచ్చాడు.

అక్కడ ఉమ్ హానీ నిలబడి ఉంది. దౌలత్ కింద వాటాలో ఉంటూ ఆవిడకు ఇన్నాళ్లూ వండిపెట్టిన మనిషి.

“టీవీలో చూశాను ఉస్తాద్, బాగా చెప్పారు” అంది. “ప్రతి శుక్రవారం అన్నారు. రంజాన్ తరవాత మీరు రానేలేదు కదా” అంది.

ఏడు నెలల మాట అది. వగ్దీ తన మోకాళ్ల గురించి చెప్పాడు, నాలుగంతస్తుల మెట్ల గురించి చెప్పాడు. ఆవిడ కాదనలేదు. శుక్రవారం పొద్దున్నే దౌలత్ తల దువ్వించుకుని, తలుపు తీసే ఉంచమనేదట. చీకటి పడేవేళ తనే మూసేయమనేదట.

“కోపంగా ఏమైనా అనేదా?”

“లేదయ్యా. వగ్దీకి ఎక్కడో వాయించే పని తగిలినట్టుంది, మంచిదేగా, అనేది.”

వగ్దీ పందిరిలోకి వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ కోటు వేసుకున్న జకరియా పక్కకు జరిగాడు.

“ఆ చివరి కచేరీకి నేనూ వచ్చాను ఉస్తాద్. వెనకాలెక్కడో ఉన్నాను, మీరు చూసుండరు.”

పదకొండు తలల లెక్క వగ్దీ నోటిదాకా వచ్చింది.

“చూశాను జకరియా. అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొట్టావు.”

జకరియా ఈసారి నిజంగానే ఏడ్చాడు. వగ్దీ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఎదురుగా ఎవరో ఫోనెత్తి ఫొటో తీస్తున్నారని తెలిసినా ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.