ఇరవై రెండు వేల అడుగులు

ఆ సోమవారం ఉదయం సోమశేఖర్ చేయవలసిన పనులు ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో ఇలా ఉన్నాయి: ఆరింటికి లేవాలి. అరగంట నడవాలి. టీలో చక్కెర మానాలి. జుల్ఫికర్‌కు సూటు బట్ట ఇవ్వాలి. పదింటికి దుకాణం తెరవాలి. ఆరు వారాల్లో నడుము నాలుగంగుళాలు తగ్గాలి. ఆఖరి పని కింద రెండు గీతలు ఉన్నాయి.

ఆరు వారాల తర్వాత ఆదివారం ఆయన అన్న కొడుకు వివేక్ పెళ్లి రిసెప్షన్. సూటు బట్ట మామగారు ఆగయ్య పెట్టింది. ఆగయ్య అల్లుడి పొట్టను చూసి నోటితో ఏమీ అనడు. సోఫాలో కాస్త పక్కకు జరుగుతాడు, అంతే. ఇరవై ఏళ్లుగా జరుగుతూనే ఉన్నాడు. ఈసారైనా ఆయన నోట ఒక మంచి మాట వినాలని సోమశేఖర్ పట్టుదల.

ఛత్రినాకలో సోమశేఖర్‌ది బట్టల దుకాణం. పక్కనే జుల్ఫికర్ టైలరింగ్. ఇక్కడ బట్ట కొని అక్కడ కుట్టించుకోవడం ఆ వీధిలో అందరికీ అలవాటు. ఇద్దరి ఎత్తూ ఒకటే, ఇద్దరి నడుమూ నలభై అంగుళాలే. పదేళ్ల స్నేహం నిలబడింది ఆ నడుముల మీదే అనుకోవచ్చు. తగ్గుదామని ఇద్దరూ ఒకే రోజు ఒకే రకం వాచీలు కొన్నారు. ఎన్ని అడుగులు వేశామో, ఎన్ని క్యాలరీలు కరిగాయో ఆ వాచీ చెబుతుంది. కరిగినవి ఆ రోజు తినదగ్గ వాటికి కలిసి ఫోనులో కనిపిస్తాయి.

"కలిసినయన్నీ తినొద్దు బాపు," అని డిగ్రీ చదువుతున్న కూతురు స్రవ్య ముందే హెచ్చరించింది. "వాచీ ఎక్కువ చేసి చెప్తది. మరీ ఆకలైతే సగం తిను."

"నడిచింది నేను. మిగిలిన సగం ఎవలు తినాలె?" అన్నాడు సోమశేఖర్.

అయినా మొదట్లో కూతురి మాట విన్నాడు. పొద్దున నడిచి, సగం కడుపుతో దుకాణంలో కూర్చుని, సాయంత్రం కాగానే పక్క దుకాణానికి వెళ్లి వాచీ చూపించేవాడు. "పద్నాలుగు వేలు భాయ్. నీదెంత?"

"నాలుగు వేలు సేఠ్," అనేవాడు జుల్ఫికర్, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

రెండు వారాలు దాటాక ఒక మధ్యాహ్నం భార్య గీతాంజలి పప్పు గిన్నె జరుపుతూ, "జుల్ఫికర్ భయ్యా మస్తు సన్నబడ్డడు. పెండ్లికొడుకు లెక్క ఉన్నడు," అంది.

సోమశేఖర్‌కు ముద్ద దిగలేదు. తాను పెండ్లికొడుకుగా ఉన్న రోజున కూడా ఆమె తనను ఆ మాట అనలేదు.

భోజనం అక్కడే వదిలేసి పక్క దుకాణానికి వెళ్లాడు. సరదాకన్నట్టు టేపు అందుకుని జుల్ఫికర్ నడుము తానే కొలిచాడు. ముప్పై ఎనిమిది. టేపు తిప్పి మళ్లీ కొలిచాడు. ముప్పై ఎనిమిదే.

"నా సూటు ముప్పై ఆరుకు కుట్టు భాయ్."

"నీది ఇంకా నలభై కదా సేఠ్. ముప్పై ఆరుకే కుడ్త గని, లోపల రెండు మూడు అంగుళాలు మడిచి పెడ్త. అవసరమైతే విప్పుకోవచ్చు."

"మడత వద్దు, కోసెయ్. మడత ఉన్నదంటే నాకు భయం ఉండది."

జుల్ఫికర్ కత్తెర అందుకుని సుద్దగీతను ఇంకోసారి సరిచూసుకున్నాడు. తర్వాత కోసేశాడు.

ఆ శుక్రవారం సోమశేఖర్ పరదాల బట్ట ఇచ్చిరావడానికి బార్కస్ వెళ్లాడు. అక్కడ ఒక హోటల్ అద్దంలోంచి తెలిసిన గడ్డం కనిపించింది. పెద్ద పళ్లెం నిండా మండీ అన్నం, దాని మీద వేయించిన మాంసం, చుట్టూ నలుగురు మనుషులు, వాళ్ల మధ్య జుల్ఫికర్. నవ్వుతూ ముద్ద కలుపుతున్నాడు. సోమశేఖర్ బండి ఆపి, కరెంటు స్తంభం పక్కన నిలబడి పది నిమిషాలు చూశాడు. మండీ తింటూ సన్నబడే మనిషి రహస్యం ఒక్కటే అయి ఉండాలి. కరిగినదంతా తిరిగి తింటున్నాడు. సగం కాదు, మొత్తం.

అప్పటి నుంచి సోమశేఖర్ కూడా మొత్తం తిన్నాడు. పొద్దున జొన్నరొట్టె ఎప్పటిలాగే తిని, సాయంత్రం కరిగిన వాటి కింద పూరీలు, మిరపకాయ బజ్జీలు, ఒక్కోరోజు డబుల్ కా మీఠా. పెళ్లిళ్ల రోజులు కావడంతో దుకాణం కిటకిటలాడుతోంది. నడకకు తీరిక చిక్కలేదు. అయినా అడుగులు తగ్గలేదు సరికదా, పద్దెనిమిది వేలయ్యాయి, ఇరవై రెండు వేలయ్యాయి. ఆయన ఇంకా ఎక్కువ తిన్నాడు. జుల్ఫికర్ ఇంకా సన్నబడ్డాడు.

"నా నడుము ఎందుకు కదుల్తలేదు?" అని ఒక రోజు భార్యను అడిగాడు.

"గాయన తక్కువ మాట్లాడ్తడు. నువ్వు గూడ జర నోరు మూసి చూడు," అంది గీతాంజలి. ఆమె తిండి సంగతి చెప్పింది. ఆయన అందులో జుల్ఫికర్ మీద ఇంకో పొగడ్త విన్నాడు.

రిసెప్షన్‌కు రెండు రోజుల ముందు సూటు తొడిగి చూశారు. ప్యాంటు తొడల దగ్గర ఆగింది. జుల్ఫికర్ టేపు చుట్టాడు. నలభై రెండు.

"విప్పుదామంటే లోపల బట్ట లేదు," అన్నాడు నెమ్మదిగా. "ఇరవై రెండు వేలు నడిచి పెరిగినవా సేఠ్? ఎట్ల?"

"నన్నడుగుతవేంది? నువ్వు బార్కస్‌ల మండీ తినుకుంట ఎట్ల తగ్గినవో చెప్పు."

"మండీనా? మా బామ్మర్ది బలవంతంగ కూసోబెట్టిండు. రెండు ముద్దలు తిని లేచిన." జుల్ఫికర్ స్టూలు మీద కూలబడ్డాడు. "నిజం చెప్తున్న సేఠ్. దినాం నీ అడుగులు చూసి నాకు జలన్ అయింది, ఓర్వలేకపోయిన. నా పక్కనోడు ఇరవై వేలు నడుస్తుంటె నాకు అన్నం ఎట్ల దిగుతది? తెల్లారగట్ల ఫజర్ నమాజ్ కాంగనే చాంద్రాయణగుట్ట దాక పోతున్న, వస్తున్న. అయినా నిన్ను అందుకోలేకపోయిన."

ఇంతలో గిరాకీ వచ్చిందని స్రవ్య పిలిచింది. ఆయన లుంగీ కట్టుకుని తన గద్దె మీదికి వచ్చి కూర్చున్నాడు. ఒక బట్ట తానును విసిరి పరిచి, కడ్డీతో మీటరు వెంట మీటరు కొలిచాడు. స్రవ్య కళ్లు ఆయన మణికట్టు మీద ఆగిపోయాయి.

"బాపు, ఇంకో తాను ఇసురు."

విసిరాడు.

"నలభై అడుగులు," అంది ఆమె. "నువ్వు కూసున్న కాడనే నడుస్తున్నవ్ బాపు. చెయ్యి ఊగితే చాలు, వాచీ అడుగు అంటది. చాచా దినమంత కాళ్లతోని మిషను తొక్కుతడు, అది మాత్రం దీనికి తెల్వది. పోయి చాచాకు చెప్త."

"ఆగు," అన్నాడు సోమశేఖర్. తనను చూసి ఒక మనిషికి అన్నం దిగలేదు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి మాట వినడం అదే మొదలు. "పెండ్లి కానీ. తర్వాత నేనే చెప్త."

సూటు సంగతి గీతాంజలి తేల్చింది. జుల్ఫికర్ పాత ఈద్ షేర్వాణీకి లోపల మడత ఉంది. విప్పితే నలభై రెండుకు వస్తుంది. "గని మా బాపు పెట్టిన బట్ట పెండ్లిల కనబడాలె. లేకపోతె మనం ఇంటికి వాపసు వచ్చేదాక ఏదీ ఏదీ అని అడుగుతడు. భయ్యా, సూటు మీరు ఏసుకోండ్రి."

"నాకు ముప్పై ఆరే భాభీ," అన్నాడు జుల్ఫికర్ సిగ్గుపడుతూ.

ఆదివారం ఫంక్షన్ హాలులో ఆగయ్య దూరం నుంచే తన బట్టను గుర్తుపట్టాడు. వెనక నుంచి వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాడు. "అల్లుడా, ఇప్పుడు మనిషి లెక్క ఉన్నవ్. నా కడుపు నిండింది."

జుల్ఫికర్ తిరిగి చూసి సలాం చేశాడు. ఆగయ్య ఒక్క క్షణం తడబడ్డాడు కానీ చేతులు తీయలేదు. "ఎవలైతేంది. బట్టకు న్యాయం చేసినవ్ బిడ్డా," అని తన పక్కనే కూర్చోబెట్టుకుని భోజనం పెట్టించాడు. రెండు గజాల దూరంలో షేర్వాణీలో నిలబడి సోమశేఖర్ ఆ మాటలన్నీ విన్నాడు. చేతిలో పళ్లెం ఉంది. చాలా రోజుల తర్వాత ఆయనకు ఏమీ తినబుద్ధి కాలేదు.

"ఇప్పుడన్న భయ్యాకు వాచీ సంగతి చెప్పయ్యా," అంది గీతాంజలి చెవి దగ్గర.

"రేపు చెప్త," అన్నాడు సోమశేఖర్.

ఇది జరిగి ఏడు నెలలైంది. మీరెప్పుడైనా తెల్లవారుతుండగా చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద నుంచి వెళితే, నిమిషానికోసారి మణికట్టు చూసుకుంటూ గబగబా నడిచే ఒక సన్నటి దర్జీ ఎదురవుతాడు. దయచేసి జుల్ఫికర్‌ను గుర్తుంచుకోండి, ఆయనకు సేఠ్ కన్నా ఇంకా మూడు వేల అడుగులు తక్కువ పడుతున్నాయి.