తవుడు అని రాసిన ఇంజన్లు

తూర్పుగుట్టల సరకు రైల్వేలో రంగు ఆరిన రోజే పుట్టినరోజు. కాబట్టి ఏళ్ల తరబడి ఇంజన్లు నడుపుతున్న మజ్జి గంగునాయుడికి రంగు వేయాలని ఉత్తర్వు వచ్చినప్పుడు షెడ్డులో ఎవరూ నోరెళ్లబెట్టలేదు. ఇంజన్లకు వేసేదే మనుషులకూ వేస్తారు, అంతే. ఉత్తర్వు తెచ్చిన బంట్రోతు కూడా అప్పటికే రెండు పూతలు వేయించుకుని ఉన్నాడు. మెడ తిప్పితే రంగు పగులుతుందని ఒళ్లంతా తిప్పి మరీ సంతకం చూపించాడు.

ఆ రైల్వే గనుల్లోంచి రాయి మోసుకెళ్లి రేవులో పోస్తుంది. దాని డీజిలు ఇంజన్లు మూడు రకాలు: కొత్తవి, సెకండ్ హ్యాండువి, రంగువి. నిజంగా కొత్తది మొత్తం మీద ఒక్కటే వచ్చింది. అది ఇంకా కంపెనీ రంగు పడకుండా, తుప్పు ఆపే ఎర్రపూతతోనే షెడ్డులో దిగింది. రంగు లేనిది పాతదని రూలు కనక దాన్ని ఆ నెలలోనే తుక్కు కింద అమ్మేశారు. సెకండ్ హ్యాండువి ఓడల మీద వచ్చాయి. లోపల మీటలన్నిటి మీదా ఎవరికీ చదవరాని భాషలో హెచ్చరికలుండేవి. వాటికి నీలం పూసి, నడుముకి పసుపు పట్టీ వేశాక అవి ఇక్కడే పుట్టినట్టు లెక్క. ఇక రంగువి అంటే, ఆ రెండు రకాలూ అరిగిపోయాక మళ్లీ రంగు వేయించుకుని కొత్తవైనవి.

కొత్త బండి అన్నాక చెయ్యాల్సిన మర్యాదలు తప్పవు. ప్రతిసారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు, గుమ్మడికాయ కొట్టేవారు. ఏడోసారి కొత్తదవుతున్న ఇంజను కూడా ఆ నిమ్మకాయల మీదుగా కొత్త పెళ్లికూతురులా మెల్లిగా కదిలేది. మెల్లిగా కదలడానికి సిగ్గు కారణం కాదని డ్రైవర్లందరికీ తెలుసు. బ్రేకు బాగాలేదని గంగునాయుడు చాలాసార్లు రాసిచ్చాడు. షెడ్డు మేనేజరు కమలాకర్ ప్రతిసారీ కుర్చీ చూపించి, టీ తెప్పించి, ఆ ఫిర్యాదు పాత ఇంజను మీదదని వివరించేవాడు. ఆ ఇంజను ఇప్పుడు లేదు. ఉన్నది కొత్తది. కొత్తదానికి బ్రేకు పాడవడానికి ఇంకా టైముంది.

గంగునాయుడికి ఈ పద్ధతితో పెద్దగా పేచీ ఉండేది కాదు, తవుడు పోకపోతే.

తవుడు అతని కొడుకు. అంతకుముందు పుట్టిన ఇద్దరూ పొత్తిళ్లలోనే పోయారు. మూడోవాడు పుట్టగానే ఆ పక్క ఆచారం ప్రకారం వాణ్ణి చేటలో పడుకోబెట్టి, పక్కింటావిడకి ఇచ్చేసి, మళ్లీ ఇంత తవుడు పోసి కొనుక్కున్నారు. తవుడుకి కొన్న పిల్లాడంటే ఎవరి కళ్లూ పడవు, చావు కూడా వీడేం సరుకులే అని వదిలేసిపోతుందని నమ్మకం. అందుకే ఆ పేరు. నిజంగానే వదిలేసింది. పిల్లాడు పెరిగి, కండలు తిరిగి, అదే రైల్వేలో అసిస్టెంటు డ్రైవరయ్యాడు. నక్కలగెడ్డ దిగుడులో పదిహేడో నంబరు ఇంజనుకి బ్రేకు పడని రోజున, బండి పట్టాలు దాటి గెడ్డ నీళ్లలోకి దిగినప్పుడు, క్యాబులో తవుడు ఉన్నాడు.

ఇంజనుని క్రేనుతో లాగి, సొట్టలు కొట్టి, రంగు వేసి, నంబరు మార్చారు. నిమ్మకాయలు తొక్కించారు. డ్యూటీలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాతిపలక ఒకటి షెడ్డు గుమ్మం పక్కన ఉంది. అందులో కొడుకు పేరు చెక్కించమని గంగునాయుడు అడిగాడు. అంతకుమించి ఏమీ అడగలేదు. కమలాకర్ చాలా బాధపడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. ఈ ఇంజను రంగు ఆరి నెలే అయింది, దీనికి ప్రమాదమేదీ జరగలేదు, జరగని ప్రమాదంలో మనిషి ఎలా పోతాడని గంగునాయుణ్ణే అడిగాడు. జవాబు దొరికితే తనకూ చెప్పమన్నాడు.

ఆ తర్వాత అదే ఇంజనుని గంగునాయుడికిచ్చారు. మొదటిరోజు ఎక్కగానే అసిస్టెంటు కిటికీ పక్కన రేకు మీద అతనికి ఆ గీతలు కనిపించాయి. మేకుతో గీసిన మూడక్షరాలు, తవుడు. చివరి కొమ్ము వంకర పోయింది. ఆ తడవ రంగు బయటే వేశారు, క్యాబు లోపలిదాకా రాలేదు కాబట్టి అది మిగిలిపోయింది. గంగునాయుడు ఆ రేకుకి తల ఆనించి, బండి కదలాల్సిన టైము దాటేదాకా ఏడ్చాడు. ఇంటికెళ్లి భార్య చిన్నమ్మడుతో చెప్పాడు. ఆవిడ ఆ ఆదివారం షెడ్డుకొచ్చి, కష్టపడి మెట్లెక్కి, ఆ గీతల మీద చెయ్యి పెట్టి చూసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ రాతిపలక సంగతి మళ్లీ ఎత్తలేదు.

నక్కలగెడ్డ దిగుడు వచ్చేసరికి గంగునాయుడు బండిని నడక వేగానికి తెచ్చేవాడు. పైనుంచే బ్రేకు వేస్తూ, ప్రాణం అరచేతిలో పెట్టుకుని దింపేవాడు. రాయి రేవుకి ఆలస్యంగా చేరేది.

ఆలస్యం ఎందుకవుతోందని పైనుంచి ఆడిటర్లొచ్చారు. ఇంజను కొత్తదే, పట్టాలు కూడా కిందటేడు రంగు వేసినవే. మరి లోపమెక్కడంటే రెండు చోట్ల తేలింది. ఒకటి, ఇంజను బయట కొత్తదీ లోపల పాతదీ. రెండు, డ్రైవరు మొత్తం పాతవాడు. దిగుడు సంగతి అతనికి ముందే తెలుసు. కాబట్టి క్యాబుల లోపలా రంగు వెయ్యాలని, డ్రైవర్లకూ వెయ్యాలని రాసిపోయారు. అరచేయంత చోటు వదిలేసినా ఇంజను మొత్తం పాతదే అవుతుందని కింద గీత గీసి మరీ చెప్పారు.

షెడ్డులో రంగులేసేది బోనెల అసిరయ్య. చిన్నమ్మడుకి తమ్ముడు, తవుడుకి మేనమామ. డబ్బా, బ్రష్షూ పట్టుకుని క్యాబు ఎక్కాడు గానీ ఆ గీతల దగ్గర చెయ్యి రాలేదు. చుట్టూ అంతా పూసి, ఆ మూడక్షరాల చుట్టూ గుండ్రంగా వదిలేసి కూర్చున్నాడు. తనిఖీకొచ్చిన కమలాకర్ ఇదేమిటని అడిగాడు. అసిరయ్యకి అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెబితే ఇంజను పాతదైపోతుంది. నోటికొచ్చిందే అన్నాడు.

"దిష్టిచుక్క సార్."

కమలాకర్ ఆ పక్కవాడు కాదు. జరగని ప్రమాదంలో పోయిన మనిషి పేరు అతనికి గుర్తుండాల్సిన పనీ లేదు. తవుడు అని ఎందుకు రాశావని అడిగాడు. అసిరయ్య నిజమే చెప్పాడు.

"మా పక్క బతకాల్సినోడికి ఆ పేరెడతారు సార్. కళ్లు పడకుండా."

కమలాకర్‌కి అది ఎంతగానో నచ్చింది. కొత్త వస్తువుకి దిష్టిచుక్క ఉండాలని ఎవరు కాదంటారు? పైగా ఈమధ్య కొత్త ఇంజన్లకి ఏదో ఒకటి అవుతూనే ఉంది. వారంలోగా ఉత్తర్వు తయారైంది. ప్రతి ఇంజనుకీ లోపలొకటీ బయటొకటీ, పళ్లెమంత నల్లటి చుక్క పెట్టాలి. అందులో తెల్లటి అక్షరాలతో తవుడు అని అచ్చు వెయ్యాలి. చేత్తో గీసినవి వంకరగా ఉన్నాయి కాబట్టి వాటిని నల్లరంగుతో కప్పి, మీద అచ్చు వెయ్యాలి.

అసిరయ్య ఆ పనీ చేశాడు. గీతల్లో రంగు నిండకుండా పల్చగా పూశాడు. అంతకంటే ఒక మేనమామ చెయ్యగలిగింది ఆ షెడ్డులో లేదు. నెల తిరిగేసరికి గనుల నుంచి రేవుదాకా ప్రతి ఇంజను మీదా తవుడు పేరు తిరగడం మొదలెట్టింది. రాతిపలక మీద చోటు దొరకని పేరు రైల్వే మొత్తం పాకింది. దాన్ని పేరుగా చదివేవాళ్లు మాత్రం ముగ్గురే మిగిలారు.

ఇక మిగిలింది గంగునాయుడి వంతు. రంగు వేయించుకోకపోతే పాతవాడు. పాతవాడికి కొత్త ఇంజను ఇవ్వరు, గేటు దాటి షెడ్డులోకే రానివ్వరు. వేయించుకుంటే ఆ రోజే ఉద్యోగంలో చేరినవాడు. భార్యా పిల్లలూ లేనివాడు, ఎవరి చావూ చూడనివాడు. కొడుకు పేరు పక్కన కూర్చోవాలంటే ఆ పేరెవరిదో తెలియనివాడై ఉండాలి. గంగునాయుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు చిన్నమ్మడే అంది.

"ఎల్లు. ఆడి పేరు కాడ ఎవులో ఒకలు ఉండాల గదా."

అసిరయ్యే వేశాడు. గంగునాయుణ్ణి ఇంజన్ల వరసలో నిలబెట్టి, ఉప్పుకాగితంతో ఒళ్లు రుద్ది, నీలం రెండు పూతలు వేశాడు, నడుముకి పసుపు పట్టీ లాగాడు. బ్రష్షు ముఖం మీదికొచ్చినప్పుడు బావా బామ్మర్దులిద్దరూ కళ్లు మూసుకున్నారు.

"బిగపట్టుకో బావా. కళ్లకాడ సల్లగుంతాది," అన్నాడు అసిరయ్య.

రంగు వేస్తే మనిషి అన్నీ మరిచిపోతాడని షెడ్డు బయట అనుకుంటారు గానీ అది ఉత్త పుకారు. ఏదీ మరిచిపోడు. మరిచిపోవాలని ఉత్తర్వులో కూడా లేదు; గుర్తున్నట్టు కనపడకూడదని ఉంది. కనపడితే ఎక్కడ కనపడుతుందో కూడా రాసి ఉంది. కళ్లకింద రంగు పగులుతుంది. పగుళ్లు వచ్చినవాళ్లని మళ్లీ పూతకి పంపుతారు, చేరిన తేదీ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఆ రైల్వేలో రిటైరైనవాడు ఈమధ్య ఒక్కడూ లేడు.

కొత్తవాడికి సంసారం లేదు కాబట్టి క్వార్టరు ఖాళీ చేయించారు. చిన్నమ్మడు తమ్ముడింటికి వెళ్లింది. గంగునాయుడు ఆదివారాలు అక్కడికి వెళ్లి, తలుపు తట్టి, పిలిచేదాకా బయటే నిలబడేవాడు. ఆవిడ కూర్చోమనేది, మంచినీళ్లిచ్చేది. ఒకసారి చెంప మీద చెయ్యి వేసి చూసింది. రేకు తలుపులా గట్టిగా తగిలేసరికి చెయ్యి తీసేసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడకి రంగు లేదు కనక ఆవిడ ఏడవొచ్చు.

కొత్త గంగునాయుడికి కొత్త అసిస్టెంటు వచ్చాడు. పేరు జోగులు, అసలు వయసు ఇరవై మూడు. గంగునాయుడి కంటే వారం ముందు రంగు వేయించుకోవడం వల్ల కాగితాల మీద అతనే సీనియరు. మంచి పిల్లాడు, సీనియరైనా సరే మావా అనే పిలిచేవాడు. పెళ్లి కుదిరిందని, రంగు వాసనకి పిల్ల బెదిరిపోతుందేమోనని అతని బెంగ.

రాళ్ల లోడుతో ఇద్దరూ బయల్దేరిన మొదటిరోజు ఎండ ఫెళ్లున కాస్తోంది. గుట్ట మలుపు తిరగ్గానే నక్కలగెడ్డ దిగుడు కనిపించింది. గంగునాయుడి చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోయింది. అక్కడ ఆగింది. దిగుడు సంగతి కొత్తవాడికి తెలియదు. కొత్తవాడు ఇక్కడ బ్రేకు వేస్తే, ఎందుకు వేశావని అడుగుతారు. దానికి ఉన్న జవాబు ఒక్కటే. ఆ జవాబు చెప్పినవాణ్ణి గేటు బయటికి పంపేస్తారు, ఈ ఇంజను వేరొకడి చేతికి పోతుంది. కొడుకు పేరుకి తోడు ఎవరూ ఉండరు.

కిటికీ పక్కన కూర్చున్న జోగులు నల్లచుక్క మీద చెయ్యి పెట్టాడు. అచ్చు కింద ఏవో గీతలు వేలికి తగిలినట్టున్నాయి, వంగి చూశాడు.

"మావా, ఇక్కడ ఏటో గీసున్నాది. తవుడన్నది ఎవులి పేరు?"

గంగునాయుడు పక్కకి వంగి తన బొటనవేలు కూడా ఆ చుక్క మీద పెట్టాడు. రంగు కింద త తగిలింది. వు తగిలింది. చివరి కొమ్ము వంకర తగిలింది. చేటలో పడుకున్న పిల్లాడు గుర్తొచ్చాడు, వాణ్ణి కొనడానికి పోసిన తవుడు వాసన కూడా గుర్తొచ్చింది. జోగులుకి కూడా ఇంట్లో ఒక తల్లి ఉంటుందని గుర్తొచ్చింది.

"పేరు కాదు నాయినా," అన్నాడు. "దిష్టి. కొత్త బండికి ఏటీ అవకుండా."

జోగులు తల ఊపి, జేబులోంచి మేకు తీసి, చుక్క పక్కన నీలం రంగు మీద తన పేరు గీసుకోవడం మొదలెట్టాడు. గంగునాయుడు చూశాడు గానీ వద్దనలేదు. బ్రేకు మీంచి చెయ్యి తీసి, రూలు ప్రకారం హారను కొట్టాడు. బండి దిగుడులోకి వంగింది. అతని కళ్లకింద రంగు ఎక్కడా పగల్లేదు.