సర్పంచిగారి పేగులకు మామూలు

అనగనగా అనుకునేరు, నిన్నమొన్నటి సంగతే. ఒక పెద్ద అడవి, దానికో పెద్ద పంచాయతీ. సర్పంచి భద్రగిరి అనే ఏనుగు. పొద్దున్నే సర్పంచిగారి లద్దె పడితేగానీ సభ మొదలు కాకూడదని అక్కడి కట్టుబాటు. కడుపు బిగిసిన ఏనుగు చేత తీర్పు చెప్పించుకుని బాగుపడ్డవాడు లేడు మరి!

ఒకసారి భద్రగిరి ఎవరింటి పెళ్లికో వెళ్లి పనసకాయలు తొక్కలతో సహా లాగించి వచ్చాడు. అంతే! లద్దె బందు, సభ బందు. కుందేళ్లు అర్జీలు పట్టుకుని పడిగాపులు.

పంచాయతీ గుమాస్తా చెంగలయ్య అనే నక్కకు మాత్రం లోలోపల పండగ. సర్పంచి దగ్గర ఒక కుర్చీ వేయించుకోవాలని వాడికి ఎప్పటినుంచో ఒకటే యావ. అడవి అంచున చేలోంచి ఓ పొగాకు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా, పేగుల్లోనూ నరాలుంటాయి. లోపలి సరుకును ముందుకు తోసే గుమాస్తాలు అవే. ఈ ఆకు నమిలారంటే వాటికి మామూలు ముట్టినట్టే!"

"మామూలిస్తే కదులుతాయంటావా?"

"నేను కదలడం లేదూ?" అన్నాడు చెంగలయ్య సిగ్గుపడుతూ.

భద్రగిరి నమిలాడు. గుడగుడ, గడగడ, దభేల్! సభంతా ఈలలు, చప్పట్లు. చెంగలయ్య ఉబ్బితబ్బిబ్బయి తన తోక తనే నిమురుకున్నాడు.

కొన్నాళ్లకి ఒక ఆకు చాల్లేదు. తర్వాత కట్ట చాల్లేదు. చివరికి గోనెసంచెడు నమిలినా ఉలుకూ పలుకూ లేదు.

తాబేలు వైద్యుడు కూర్మావధాని సర్పంచి పొట్టకు చెవి ఆనించాడు. "ఇందులో నికోటిన్ అనే విషం ఉందయ్యా. మొదట్లో అది తట్టగానే నరాలు ఉలిక్కిపడి లేచాయి. తట్టగా తట్టగా చెవులు మూసుకున్నాయి. ఆకు మానేయండి, వాటంతటవే దారికొస్తాయి. ఎప్పుడంటే మాత్రం చెప్పలేను."

చెంగలయ్య మెల్లగా వెనక్కి జరిగాడు. కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఊడేలా ఉంది!

"ఏమోయ్, కుర్చీ మీద కన్నేశావటగా?" అన్నాడు భద్రగిరి, పొగాకు సంచిని అవతలికి తోసేసి. "వేయిస్తున్నా. నా తోక వెనకాల. నరాలు పని మొదలెట్టగానే సభకు కబురు చెప్పాలి. అందాకా లేచావో, ఉద్యోగం గోవిందా!"

వెనకైతేనేం, కుర్చీ కుర్చీయే కదా! చెంగలయ్య కాలు మీద కాలేసుకుని దర్జాగా కూర్చున్నాడు. ఓ కుందేలు భయంభయంగా వచ్చి, "సభ ఎప్పుడు బాబూ?" అని అడిగింది.

"అదంత తేలికా? తెర వెనక చాలా పనుంటుంది," అంటూ చెంగలయ్య అలవాటుగా చేయి చాచాడు.

సరిగ్గా అప్పుడే భద్రగిరి కడుపులో నరాలన్నీ పైసా అడక్కుండా ఒక్కసారిగా పనిలోకి దిగాయి. పెండింగులో ఉన్నదంతా ఒకే దెబ్బతో పరిష్కారమైంది. కుందేలు గెంతి తప్పించుకుంది.

కుర్చీ కనపడలేదు. గుమాస్తా కనపడలేదు. లద్దె గుట్ట అడుగు నుంచి సన్నటి గొంతు మాత్రం వినిపించింది: "సభ... మొదలైందహో!"

నీతి: పనిచేసేవాడికి మామూలివ్వకండి, ఇచ్చారా, వాడు నిజంగా పని మొదలెట్టే వేళకు కాస్త దూరంగా నిలబడండి.