పలకల దుకాణంలో క్లాసుల పేర్లు

పదింటికి మార్కాపురంలోని చంద్రశేఖరరావు పలకల దుకాణంలో కంప్యూటర్ లెక్కలు మొదలుపెట్టించాలని ఫణికృష్ణ ప్లాను. అది అతని మొదటి ఆర్డరు. "ఇది నడవకపోతే కొమరోలొచ్చి మన ఎరువుల దుకాణంలో కూర్చో" అని తండ్రి ముందే చెప్పేశాడు.

పొద్దున్నే వెళ్లి ప్రోగ్రాము సరిచూసుకుంటుంటే, చంద్రశేఖరరావు టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఈ పేర్లేంది అబ్బాయ్?"

"సరుకు వివరాలకొక టేబులు, అంటే పట్టిక, గిరాకీలకొకటి, బిల్లులకొకటి ఉంటయి బాబాయ్. ఒక్కోదాన్ని చూసుకునేదానికి ప్రోగ్రాములో ఒక్కో భాగం, దాన్నే క్లాసంటాం. టేబులు పేరే క్లాసుకూ పెడతాం. రెండూ ఒకటైతే చాలు, ఏ పేరైనా పర్లేదు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

"అట్లయితే సరుకుకు నా పేరు పెట్టు. దుకాణం నాది గదా!"

మొదటి ఆర్డరాయె, కాదనలేక పెట్టాడు. అది విని ఆయన భార్య రాజ్యలక్ష్మి వచ్చింది. "గిరాకీలకు నా పేరు పెట్టు నాయనా. పక్కన గారు గూడా ఉండాల." దాంతో చంద్రశేఖరరావు తనకూ గారు కావాలన్నాడు. ఇంతలో ఆవిడ తమ్ముడు మురళీధర్ గిద్దలూరు బస్సు దిగి వచ్చి, మిగిలిన బిల్లులకు తన పేరు పెట్టమన్నాడు.

"వీళ్లింటి పెళ్లి కార్డులో నా పేరు అడుగున ఏసినారు. ఇక్కడన్నా పైన ఉండాల!"

"పైన ఉంటే నేనుండాల. వాణ్ణి కిందికి దించు" అన్నాడు బావ.

ఫణికృష్ణ పైది కిందికి, కిందిది పైకి మార్చీ మార్చీ, టేబుళ్ల సంగతే మర్చిపోయాడు. క్లాసులకు కొత్త పేర్లు వచ్చాయి. టేబుళ్లు పాత పేర్లతోనే ఉండిపోయాయి.

కొబ్బరికాయ కొట్టారు. బజారంతా వచ్చింది. చంద్రశేఖరరావు దర్జాగా బటన్ నొక్కాడు. తప్పు దొర్లితే తెలుగులో చెప్పేలా ఫణికృష్ణ ముచ్చటపడి రాసుకున్న వాక్యాలు, క్లాసుల పేర్లతో కలిసి, అందరికీ కనబడాలని కంప్యూటర్‌కు తగిలించిన గోడ మీది టీవీలో వరసగా పడ్డాయి.

'చంద్రశేఖరరావుగారు ఎక్కడా కనబడడం లేదు. రాజ్యలక్ష్మిగారు పనిచేయడం లేదు. మురళీధర్‌గారి వల్ల ఏమీ కాలేదు.'

జనం పగలబడి నవ్వారు. పక్క దుకాణం మాలకొండయ్యకు పొలమారింది.

"నా పేరు తియ్!" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు. పొద్దున్నుంచీ వాళ్లు ఒక్క మాట మీదకు రావడం అదే మొదలు.

పాత పేర్లు పెట్టగానే ప్రోగ్రాము చక్కగా నడిచింది. చూసేవాళ్లే లేరు. "ఈ ఊళ్లో ఇంక నిన్ను ఎవరు పిలుస్తారో చూస్తా" అన్నాడు చంద్రశేఖరరావు. ఫణికృష్ణకు ఏడుపొక్కటే తక్కువ. సంచి సర్దుకుని బయటికి వస్తుంటే మాలకొండయ్య పక్కకు లాగాడు.

"మా దుకాణానికీ ఒకటి చెయ్యి అబ్బాయ్. అన్నిటికీ మా బావమరిది పేరే పెట్టు."

"మళ్లీ ఇట్లనే ఆగిపోతే పెద్దనాయనా?"

"ఆగిపోనీ. టీవీ మాత్రం ఇంతకన్నా పెద్దది పెట్టిస్తా."

ఫణికృష్ణ మార్కాపురంలో నిలదొక్కుకున్నది తన పుణ్యమేనని ఆ బావమరిదికి ఇప్పటికీ తెలియదు.