టీ ధరకే రాక్

పేదరికం సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చనీ, ముందుగా రాక్ సంగీతంలోని అసమానతల్ని రూపుమాపాలనీ కళల మంత్రిగారు నిర్ణయించారు. నిర్ణయించిన మరుక్షణమే ప్రెస్‌మీట్ పెట్టారు. నిర్ణయానికీ ప్రెస్‌మీట్‌కీ మధ్య ఆలోచనని దూరనిచ్చే మనిషి కాదాయన.

"ప్రపంచమంతా వెర్రెత్తిపోయే ఆ బ్యాండు ఆఖరి పర్యటనకి బయల్దేరింది. ఒక్క టికెట్టు ఖరీదెంతో తెలుసా? ఒక పాడి ఆవు! ఆవైతే ఏళ్ళ తరబడి పాలిస్తుంది. టికెట్టు రెండు గంటల్లో చెత్తబుట్టలో పడుతుంది. ఇదేం న్యాయం? ఆ బ్యాండుని మన ప్రభుత్వమే రప్పిస్తుంది. కప్పు టీ ధరకే సామాన్యుడికి చూపిస్తుంది!"

విలేకర్లు గబగబా రాసుకున్నారు. ఒకాయన మాత్రం, "మీకు వాళ్ళ పాటలు ఇష్టమాండీ?" అని అడిగాడు.

"ప్రజలకి ఏదిష్టమో నాకదే ఇష్టం," అని మంత్రిగారు పక్కకి వంగి పీఏ చెవిలో, "బ్యాండంటే ఎంతమంది ఊదుతారయ్యా?" అన్నారు.

"ఊదరు సార్. కొడతారు."

"ఎవర్ని?"

"డ్రమ్ముల్ని సార్."

మంత్రిగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

ఈ పీఏగారిని తక్కువ అంచనా వెయ్యకూడదు. ఆయన సర్వీసులో ఐదుగురు మంత్రులు మారారు, ఆయన మారలేదు. కారణం కుర్చీలు. ఏ సభలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే అలుగుతారో, ఎవరి కుర్చీకి చేతులుండాలో, ఎవరికి మెత్త ఒక్కటి వేస్తే సరిపోతుందో ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడు. వేదికల విషయంలో ఆయనదొకటే సూత్రం: ప్రసంగించేవాళ్ళు పైన, మిగతావాళ్ళు కింద. ఇన్నేళ్ళలో ఆ సూత్రం ఒక్కసారి కూడా ఆయన పరువు తియ్యలేదు.

ఆయనకి కాలేజీలో చదివే కూతురుంది. ఇంట్లో అందరూ 'దడదడ' అంటారు. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ చెంచాలతో వాయిస్తుంది. ఆ ఇంట్లో సొట్ట పడని మూత లేదు.

"నాన్నా, ఆ డ్రమ్మరు ఎడమ చేత్తో ఒకటి వాయిస్తాడు," అంది ఆ సాయంత్రం. "ఎన్నిసార్లు విన్నానో. చెవికి అందుతోంది గానీ చేతికి చిక్కట్లేదు. ఆ చెయ్యి ఒక్కసారి కళ్ళారా చూస్తే పట్టేస్తాను. మళ్ళీ రారు వాళ్ళు. రేపు పొద్దున్నే వెళ్ళి టీ టికెట్టుకి లైన్లో నిలబడతా."

పీఏగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నేను బతికుండగా నా కూతురు లైన్లోనా? నలుగురూ నవ్విపోరూ! చెయ్యేం ఖర్మ, గోళ్ళు కూడా కనిపించేంత దగ్గర కూర్చోబెడతా. ముందు వరస. వీఐపీ!"

"నా పుట్టినరోజుకీ ఇలాగే మాటిచ్చావ్."

"ఆ రోజు ప్రారంభోత్సవం అడ్డొచ్చిందే తల్లీ."

"బస్టాండు మరుగుదొడ్డికి," అంది భార్య వంటింట్లోంచి, గిన్నె మూత సొట్ట సరిచేస్తూ. "రిబ్బను తెగేదాకా ఒక్కణ్ణీ లోపలికి పోనివ్వలేదట మహానుభావుడు."

పీఏగారు ఆ మాట విననట్టే లేచి, ఈసారి మాట తప్పేది లేదని కూతురి నెత్తిమీద చెయ్యిపెట్టి చెప్పాడు.

టీ టికెట్లు ఒక్క పూటలో అమ్ముడుపోయాయి. ఆ తర్వాత మైదానంలో చోటు పంచడం మొదలైంది. ముందు వరస మంత్రులది. వాళ్ళ వెనక ఎమ్మెల్యేలు, అధికారులు, అధికారుల భార్యలు, భార్యల తరఫు వాళ్ళు. కరెంటిచ్చేది మేమేనంటూ కరెంటు శాఖ వచ్చింది. మంటలంటుకుంటే ఎవరు దిక్కని ఫైరింజన్ శాఖ అడిగింది. ఆడిట్ శాఖ ఏమీ అడగలేదు, ఊరికే వచ్చి నవ్వుతూ నిలబడింది. ఆ నవ్వు చూసి పీఏగారు వాళ్ళకి రెండు వరసలిచ్చాడు.

ప్రతి శాఖకీ సామాన్యుడు కాస్త వెనక్కి జరిగాడు. జరిగి జరిగి మైదానం గేటు దాటాడు. చివరికి మిగిలింది ఒక్కటే జాగా. వేదిక వెనక సామాన్లు దించే ఇరుకు పెరడు, దానికో ఇనపకంచె, కంచె అవతల ఖాళీ స్థలం.

"ప్రజల్ని వేదిక వెనక్కి పంపాల్సి వస్తోంది సార్," అన్నాడు పీఏగారు నసుగుతూ.

మంత్రిగారి మొహం వెలిగింది. "ప్రజలు నా వెనకే ఉన్నారని నేనెప్పుడూ చెప్పేదేగా!"

కార్యక్రమం రోజున వేదిక మీద నలభై కుర్చీలు దిద్దినట్టు కుదిరాయి. ప్రతిపక్ష నాయకుడికి కూడా చేతుల కుర్చీ పడింది. పీఏగారు దూరం నుంచి చూసుకుని, ఇక ఈ జన్మకిది చాలనుకుంటున్నంతలో బ్యాండు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"డ్రమ్ములెక్కడ పెట్టాలి సార్?"

పీఏగారు వేదిక కేసి చూశాడు. చీమ దూరే సందు లేదు.

"మీవాళ్ళు ప్రసంగిస్తారా?"

"లేదండీ. వాయిస్తారు."

"అయితే మరి, ప్రసంగించనివాళ్ళకి పైన చోటుండదండీ."

"వాళ్ళ కోసమేగా సార్ ఇదంతా!"

పీఏగారికి మొదటిసారి చెమట పట్టింది. నాలుగు కుర్చీలు దించగలమేమోనని ఒక పెద్దమనిషి చెవిలో మెల్లగా అడిగి చూశాడు. "ముందాయన్ని లేవమను, నేను లేస్తా," అన్నాడాయన. ఆయన్ని అడిగితే పక్కాయన్ని చూపించాడు. అలా నలభైమందినీ చుట్టి మళ్ళీ మొదటాయన దగ్గరికే వచ్చాడు.

చివరికి దారి దొరికింది. బ్యాండు సామాన్లు తెచ్చిన లారీ వెనక పెరట్లో ఆగి ఉంది. దాని పక్క తలుపు తెరిస్తే చిన్న వేదికంత జాగా. ఒక పక్క వేదిక గోడకి ఆనుకుపోయింది కాబట్టి తలుపు కంచెవైపే తెరుచుకుంటుంది.

"ఎటైతేనేం, సౌండొస్తుందిగా!" అన్నాడు పీఏగారు. ముందు వరసలో కూతుర్ని కూర్చోబెట్టి, "ఇక్కణ్ణుంచి గోళ్ళు లెక్కపెట్టుకో," అని వెళ్ళాడు.

మంత్రిగారు ప్రసంగం అందుకున్నారు. "సామాన్యుడే నా దేవుడు!" అన్నారు. వెనక ధన్‌మని డ్రమ్ములు మోగాయి. వేలమంది గొంతులు ఆకాశాన్నంటాయి. మంత్రిగారు ఒళ్ళు పులకరించి మళ్ళీ అన్నారు. మళ్ళీ మోగాయి. ఇరవై నిమిషాల్లో ముగించాల్సిన ప్రసంగం ఇక ఆగలేదు. ఆ స్పందనకి ఆపడం ఎవరి తరం?

ముందు వరసలో దడదడకి మంత్రిగారి గోళ్ళు బాగానే కనిపిస్తున్నాయి. కాసేపు చూసింది. తర్వాత లేచి, వేదిక పక్కన నిలబడ్డ తండ్రి చొక్కా పట్టుకుంది.

"నాన్నా, ఆ ఎడమ చెయ్యి గోడకవతల ఉంది."

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూశాక పీఏగారికి కుర్చీలు కనిపించలేదు. చెయ్యి పట్టుకుని కంచె గేటుకి లాక్కెళ్ళాడు. గేటు దగ్గర కానిస్టేబులు అడ్డంగా నిలబడ్డాడు.

"మీది వీఐపీ పాసు. ఇక్కడ టీ టికెట్టున్నవాళ్ళకే."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు సార్. వీఐపీలు జనంలో కలవకూడదని రూలు పెట్టింది మీరేగా."

గేటు పక్కన ఒకడు టీ టికెట్టుతో తీరిగ్గా విసురుకుంటున్నాడు.

"ఎంతయ్యా?"

"ఒక పాడి ఆవు సార్."

"కప్పు టీ కదా!"

"అది పొద్దుటి మాట. అప్పుడిది వెనకవైపు. ఇప్పుడు ముందువైపు."

"దీనికి బదులు వీఐపీ పాసు తీసుకో. ముందు వరస!"

"మంత్రిగారింకా మాట్లాడుతున్నారా?"

"మాట్లాడుతున్నారు."

"వద్దు సార్. పిల్లలు గలవాణ్ణి."

లారీ అవతలివైపు పాట ఆఖరికొచ్చినట్టు ఉధృతం పెరిగింది. దడదడ కంచె పట్టుకుని మునివేళ్ళ మీద లేస్తోంది. కుర్చీల సేవకి మెచ్చి మూడో మంత్రిగారు తొడిగిన బంగారపుటుంగరాన్ని పీఏగారు వేలినుంచి లాగి వాడి చేతిలో పెట్టాడు. కూతురు టికెట్టు లాక్కుని, వెనక్కి చూడకుండా జనంలోకి దూరిపోయింది.

మర్నాడు పొద్దున పేపర్లన్నీ మంత్రిగారి ఫోటోతో నిండిపోయాయి. పీఏగారు టీ తాగుతుండగా ఫోన్ మోగింది.

"అదిరిపోయిందయ్యా! వచ్చే ఏడాది కంచె వెనక మొదటి పది వరసలూ మనవాళ్ళకి పెట్టు."

"మరి ప్రజలు సార్?"

"ముందువైపు ఖాళీయేగా!"

"సార్, ఆ బ్యాండుకి ఇదే ఆఖరి పర్యటన. ఇక రారు."

"రాకపోతేనేం? వాళ్ళ కోసం చేశామా ఏమిటి?"

అంతలో వంటింట్లో ఏదో మొదలైంది. ముందు తడబడింది. ఆగింది. మళ్ళీ అందుకుని, ఈసారి జారకుండా, వానలా కురవసాగింది. భార్య మూత లాక్కోబోయి, చెయ్యి మధ్యలోనే ఆపి, వింటూ నిలబడిపోయింది.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?" అన్నారు మంత్రిగారు. "ఇంకా నా ప్రసంగానికి చప్పట్లు కొడుతున్నారా?"

"అవున్సార్," అన్నాడు పీఏగారు, ఉంగరం లేని వేలు తడుముకుంటూ. "ఎడమ చేత్తో."